అక్కాచెల్లెళ్ళం కలిసి చదివి, ఆ తర్వాత సినిమాగా చూడటానికి పాత ప్రేమనవలల్లో ఏది బాగుంటుంది?

‘మీనా’తో మొదలుపెట్టండి. యద్దనపూడి సులోచనారాణి అనగానే అందరూ ‘సెక్రటరీ’ అంటారు గానీ, సినిమాతో కలిపి చూడాలంటే నా ఓటు మీనాకే. పైగా అది రెండు భాగాలు, ఇద్దరూ చెరొకటి పట్టుకోవచ్చు. నేను రెండో భాగంలో ఉన్నప్పుడు మా చెల్లి మొదటిది చదువుతుండేది. "కృష్ణ ఏమంటాడే, ఒక్క ముక్క చెప్పవే" అంటూ నా వెనకాలే తిరిగేది. నేను చెప్తేగా! ఆ ఆశతోనే నా వంతు గిన్నెలు కూడా తనే తోమింది పాపం.

1973లో వచ్చిన సినిమాకి దర్శకురాలు విజయనిర్మల. మీనా కూడా ఆవిడే, కృష్ణ వేషం కృష్ణదే. తల్లి అదుపాజ్ఞల్లో పట్నంలో పెరిగిన పిల్ల, పల్లెలో వ్యవసాయం చేసుకునే బావ మీద మనసు పడటం నవల్లో నింపాదిగా జరుగుతుంది. సినిమాకి అంత తీరిక ఉండదు కదా. కానీ రమేష్ నాయుడు బాణీలో ‘శ్రీరామ నామాలు శతకోటి’ వినాలంటే సినిమాకే రావాలి. ఆ వెంటనే 2016 నాటి ‘అ ఆ’ చూడండి, మీనా పోలికలు వెతకడం మంచి కాలక్షేపం.

ఇక ‘సెక్రటరీ’. అరవైల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, సినిమా మాత్రం 1976లో. అప్పటికి అక్కినేనికి యాభై దాటాయి. చెల్లి ఊహించుకున్న రాజశేఖరం వేరు. "ఈయనా రాజశేఖరం?" అని దిండు తీసి టీవీ మీదకి విసరబోయింది. నాకైతే ఆ బింకం, ఆ కొంటెనవ్వు ఆయన సరిగ్గానే పట్టుకున్నారనిపిస్తుంది. దీని మీద మాకు ఇప్పటికీ రాజీ కుదరలేదు. జయంతిగా వాణిశ్రీ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, ఆవిడ తప్ప ఇంకెవరూ పనికిరారు. అందుకే దీన్ని ముందు చదవండి. సినిమా చూశాక చదివితే పేజీ పేజీకీ నాగేశ్వరరావే కనిపిస్తారు, పోట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ రెండూ అయ్యాక ‘జీవన తరంగాలు’. అందులో ప్రేమకన్నా కుటుంబం గొడవలే ఎక్కువ, సినిమా 1973దే. హీరో శోభన్‌బాబు కాబట్టి మా చెల్లి ఈసారి దిండు జోలికి పోలేదు.