ఆర్‌ఎక్స్ 100: బోర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

ఎనిమిదేళ్లు మూలన పడున్న యమహా బైకు ఆర్‌ఎక్స్ 100 కొన్నారు, చోక్ తీయగానే ఆగిపోతోంది, మెకానిక్ బోర్ (సిలిండర్ లోపల అరగదీసి పెద్ద పిస్టన్ వేయడం) చేయించమంటున్నాడు, అంతేగా? ఆగండి. పాత పెట్రోల్ ఎండిపోయి కార్బొరేటర్‌లో పైలట్ జెట్ (బండి నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే చిన్న గొట్టం) పూడుకుపోయినట్టుంది. దాని రంధ్రం సూదిమొనంత. పిన్నీసు పెట్టి పొడవొద్దు, ఇత్తడి కదా, సాగిపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, రంధ్రంలోంచి గాలి ఊదించండి. ట్యాంకులో టార్చి వేసి చూడండి. తుప్పుంటే వారంలో మళ్లీ ఇదే కథ. అప్పటికీ ఆగిపోతుంటే క్రాంక్ ఆయిల్ సీళ్లు (ఇంజిన్‌లోకి బయటి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) చూడాలి.

ఇంజిన్‌కు ఆయిల్ అందించే పంపు పనిచేస్తోందని తేలేదాకా పెట్రోల్లోనే లీటరుకు 30 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలపండి. నేను బద్ధకించాను, పిస్టన్ పట్టేసింది.

ఇంకోటి, ఈ బండి తయారీ 1996లోనే ఆగింది. 15 ఏళ్ల ఆర్సీ రెన్యువల్ అయిందా, ఛాసిస్ నంబరు కలుస్తోందా చూశాకే పెయింటుకు డబ్బు తీయండి.