ఒంట్లో బాగానే ఉన్నప్పుడు టెస్టులు ఎందుకు?

నలభై దాటాయి, ఏ నొప్పీ లేదు, అయినా టెస్టులు చేయించుకోవాలా అని అడిగారు కదా. చేయించుకోండి. బీపీ, షుగర్ మొదట్లో నొప్పి పెట్టవు, వాటితో వచ్చిన చిక్కే అది. మాది కనిగిరి వైపు. రోజూ పొలానికి నడిచెళ్ళే నాకేంటి అనుకునే మా నాన్న కళ్ళజోడు కోసం ఒంగోలు వెళితే అక్కడ బీపీ చూసి 170 అన్నారు, "ఆ మిషన్‌దే తప్పేమోరా" అన్నాడు దారంతా.

వేర్వేరు రోజుల్లో చూసినా బీపీ 140/90 దాటుతున్నా, పరగడుపు షుగర్ 126కి చేరినా డాక్టర్‌ని కలవాలి. షుగర్ 100కి, 125కి మధ్య ఉంటే తిండితో, నడకతో వెనక్కి తెచ్చుకోడానికి ఇంకా టైముంది. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే, మన ఆవకాయ, ఎండుచేపల లెక్కలో అది మధ్యాహ్నానికే అయిపోతుంది! మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, కాచినా పోదు. ఒళ్ళు నొప్పులకని మెడికల్ షాపులో అడిగి రోజూ నొప్పి బిళ్ళలు మింగేవాళ్ళైతే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) కూడా చూపించుకోండి, అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి.