మిమిక్రీ కోసం డిగ్రీ మానేస్తానంటున్నాడు: మన వరంగల్ వైపు కళాకారులు ఇల్లు ఎలా గడుపుకున్నారు?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మిమిక్రీ, స్టాండప్ కామెడీ అంటూ చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్లిపోతానంటున్నాడు. ఏమన్నా అంటే నేరెళ్ళ వేణుమాధవ్ గారి పేరు చెప్పి మా నోరు మూయిస్తున్నాడు. మన వైపు నుంచి పేరు తెచ్చుకున్నవాళ్లు అసలు ఎలా బతికారు? వాణ్ణి పంపాలా, వద్దా?

జవాబు:

అక్కా, ముందు మీవాడికి ఒక మాట చెప్పండి. చదువు మానేయడానికి వేణుమాధవ్ గారి పేరు పనికిరాదు. ఆయన బడిపంతులు.

ఈ సంగతి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. మనకు గుర్తున్నది పద్మశ్రీ (అది 2001లో వచ్చింది), 1971లో ఐక్యరాజ్యసమితిలో ఇచ్చిన ప్రదర్శన, 1972 నుంచి 78 దాకా ఎమ్మెల్సీ పదవి, హన్మకొండ పబ్లిక్ గార్డెన్ పక్కన ఆయన పేరు మీద కట్టిన కళాప్రాంగణం. ఆయన పుట్టిన డిసెంబర్ 28ని మిమిక్రీ కళాకారులు ప్రపంచ మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటారు. కానీ 1932లో మట్టెవాడలో పుట్టిన ఆ మనిషి జీవితం మొదలైంది బడిలో, చేతిలో చాక్‌పీసుతో. 2018 జూన్‌లో కన్నుమూసేదాకా వరంగల్ మనిషిగానే ఉన్నారు. సినిమాల్లో కొన్ని వేషాలు వేశారు కానీ వాటి కోసం మద్రాసులో కాపురం పెట్టలేదు.

నేను ఆయన్ని దగ్గరగా ఎరిగినవాణ్ణి కాను. నాలుగైదుసార్లు ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను, అంతే. అయినా ఈ ప్రశ్నకు జవాబు రాయాలనిపించింది. ఎందుకంటే నేనూ పన్నెండేళ్లు స్టేజీల మీద గొంతు చించుకున్నవాణ్ణే. మీవాడి వయసులో మా ఇంట్లో జరిగిన గొడవ కూడా ఇదే.

మాది కాజీపేట డీజిల్ కాలనీ. నాన్న రైల్వేలో. అప్పట్లో షెడ్డులో పాత ఆల్కో డీజిల్ ఇంజన్లు ఉండేవి. రాత్రంతా ఊరికే నిలబడి గురక పెట్టేవి. గుడ, గుడ, గుడ, అని మూడు దెబ్బలు, మధ్యలో ఒక ఎగశ్వాస, మళ్లీ మూడు. పడుకున్న మంచం కూడా సన్నగా వణికేది. ఆ శబ్దం పట్టడానికి నాకు ఏడాది పట్టింది. పెదాలతో చేస్తే మోటార్ సైకిల్ అవుతుంది. అది గొంతు అడుగు నుంచి రావాలి, నాలుక వెనక భాగం అంగిలికి తగిలీ తగలనట్టు ఉండాలి, మైకు నోటికి ఎదురుగా కాక ఓ పక్కకు పెట్టుకోవాలి. ఇంజను దూరమవుతున్నప్పుడు శబ్దం తగ్గించకూడదు, తల మెల్లగా పక్కకు తిప్పాలి. మిగతా పని మైకే చూసుకుంటుంది. ఇవన్నీ ఎవరో కూర్చోబెట్టి నేర్పినవి కావు. షెడ్డు గోడ పక్కన నిలబడి విని విని పట్టుకున్నవి.

ఇంటర్ రెండో ఏడులో మొదటిసారి వేణుమాధవ్ గారి ప్రోగ్రాం చూశాను. ఇంగ్లిష్ సినిమాల్లోని సీన్లు మొత్తం, డైలాగులు, గుర్రాలు, తుపాకులు, వెనక వచ్చే సంగీతంతో సహా ఒక్క గొంతులోంచి వస్తుంటే హాల్లో ఎవరూ దగ్గలేదు. నేను ఏడాదిపాటు పట్టిన ఒక్క ఇంజను ఆయన ముందు ఏపాటిదో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, అదే సమయంలో పిచ్చి కూడా ఎక్కింది. ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను, చదవను, మిమిక్రీ చేస్తానని. నాన్న కోప్పడలేదు. 'ఆయన పంతులు గదరా. నువ్వూ పంతులువై చెయ్యి, ఎవరొద్దన్నరు?' అన్నాడు. నాకు అప్పుడు అది మాటలతో తప్పించుకోవడంలా అనిపించింది.

డిగ్రీ చదువుతూనే ఆర్కెస్ట్రాలకు వెళ్లేవాణ్ణి. 90ల్లో పెళ్లిళ్లకు, గణపతి నవరాత్రులకు ఆర్కెస్ట్రా అంటే పెద్ద క్రేజు. అందులో మిమిక్రీవాడి పని ఏంటంటే, సింగర్ నీళ్లు తాగే గ్యాప్ నింపడం. జనరేటర్ ఆగితే అది మళ్లీ స్టార్ట్ అయ్యేదాకా మైకు లేకుండా అరవడం. రాజకీయ నాయకుల గొంతులు చేసేటప్పుడు ఎదురుగా ఏ పార్టీవాళ్లు కూర్చున్నారో ముందే కనుక్కోవడం. (ఇది మీవాడికి స్టాండప్‌లో కూడా పనికొస్తుంది.)

ఒకసారి పరకాల వైపు ఒక పెళ్లికి ఐదు వందలకు మాట్లాడుకుని వెళ్లాను. రాత్రి ఒంటిగంట దాకా చేశాను. చివర్లో ఆర్కెస్ట్రా ఆయన నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి, చేతిలో కవరు పెట్టాడు. కిందికి దిగి చూస్తే నూట పదహార్లు. శాలువా కొంచెం తిప్పి చూశాను, మూలన పసుపు మరక. రెండు వారాల కింద జనగామలో తబలా వాయించే అతనికి కప్పింది అదే శాలువా! అతని దగ్గర ఏ సాకు చెప్పి మళ్లీ తీసుకున్నాడో ఇప్పటికీ అర్థం కాదు. నా దగ్గర మాత్రం తీసుకోలేకపోయాడు, అది చంకలో పెట్టుకుని పొద్దున మొదటి బస్సుకు కాజీపేట వచ్చేశాను. మా అమ్మ తలుపు తీసి, 'మల్ల శాలువనేనా? ఈసారి బియ్యం అడుగు' అంది.

ఆ మాటకు మేమిద్దరం నవ్వుకున్నాం కానీ, నిజానికి మన వైపు కళలన్నీ బియ్యం మీద నడిచినవే. డోలు కొడుతూ ఒగ్గు కథ చెప్పేవాళ్లను మల్లన్న పట్నాలకు, బీరప్ప కొలుపులకు, అంటే ఆ దేవుళ్ల పండుగలకు పిలుస్తారు. శారద కథలవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు, చావు జరిగిన ఇంట్లో పోయినవాళ్ల మీద పాట కట్టి పాడతారు. ఇచ్చేది వడ్లో, బియ్యమో, నాలుగు పైసలో. ఊరు పంటతో ఉన్నంతకాలం అది నడిచింది. ఊళ్లోకి టీవీ వచ్చాక, పొలాలు కౌలుకు పోయాక, పిలిచే ఇళ్లు తగ్గిపోయాయి. జనగామ వైపు మాణిక్యపురంలో పుట్టిన చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథను ఢిల్లీ దాకా తీసుకెళ్లి సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చారు. 2017లో ఆయన పోయారు. ఆయన వల్ల ఒగ్గు కథకు గౌరవం వచ్చింది, కానీ డోలు పట్టిన ప్రతి ఇంటికీ నెలనెలా జీతం రాలేదు కదా.

బలగం మొగిలయ్య గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. దుగ్గొండి ఆయనది. భార్య కొమురమ్మ గారితో కలిసి ఊరూరా శారద కథలు చెప్పేవారు. 2023 మార్చిలో బలగం సినిమా వచ్చింది, చివర్లో ఆ ఇద్దరూ పాడిన పాటతో రాష్ట్రమంతా ఏడ్చింది. మా అత్తగారి ఊరు నర్సంపేట దగ్గర. అక్కడ పంచాయతీ ఆఫీసు ముందు తెల్ల బట్ట కట్టి సినిమా వేశారు. నేను వెనక సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. పాట మొదలవగానే ముందు వరసలో ఆడవాళ్ల కొంగులన్నీ ఒక్కసారే కళ్ల మీదికి వెళ్లాయి. మా పక్కన ఒక పెద్దాయన మాత్రం ఏడవలేదు. 'గీయన మా నాయిన సచ్చినప్పుడు గూడ అచ్చి పాడిండు. అప్పుడు గింత మందిమి లేము' అన్నాడు.

అదీ విషయం. మొగిలయ్య గారు అంతకు ముందు ఏళ్ల తరబడి పాడిందీ అదే గొంతుతో. పేరు వచ్చేసరికి కిడ్నీలు పోయాయి, డయాలసిస్ మీదున్నారు. ప్రభుత్వం సాయం చేసింది, సినిమావాళ్లు చేశారు, దాతలు చేశారు. 2024 డిసెంబర్‌లో ఆయన పోయారు. సినిమా వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. వచ్చిన పేరుతో ఎన్ని సన్మానాలు జరిగాయో నేను లెక్కపెట్టలేదు గానీ, ఆ ఫోటోలన్నిటిలో శాలువాలు చూసినప్పుడల్లా నాకు మా అమ్మ మాటే గుర్తొచ్చేది.

ఇక ఊరు విడిచి వెళ్లినవాళ్లు. వీళ్ల గురించి మీవాడికి నాకన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది కాబట్టి తొందరగా చెప్తాను. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ ఎప్పుడో మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హిందీ హీరో అయ్యారు, 1980కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. మహబూబాబాద్ వైపు కంబాలపల్లి నుంచి వెళ్లిన చక్రి 2000 తర్వాత పదేళ్లకు పైగా తెలుగు సినిమాకు వరసపెట్టి పాటలిచ్చి, 2014లో నలభై ఏళ్లకే పోయారు. భూపాలపల్లి జిల్లా చల్లగరిగకు చెందిన పాటల రచయిత చంద్రబోస్ గారు 2023లో ఆస్కార్ పట్టుకొచ్చారు. అందరూ ఆస్కార్ గురించే మాట్లాడతారు. ఆయన ఇంజనీరింగ్ చదివిన మనిషి అని, మొదటి పాట 1995లో అని ఎవరూ చెప్పరు. అంటే ఆ మొదటి పాటకూ ఆ వేదికకూ మధ్య ఇరవై ఎనిమిదేళ్లు.

సినారె గారిది ఇంకో దారి. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేట. 1962లో గులేబకావళి కథకు పాటలు రాసేనాటికే కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. సినిమాల్లో అంత గిరాకీ వచ్చాక కూడా ఉస్మానియాలో ఉద్యోగం వదల్లేదు. జ్ఞానపీఠం వచ్చింది, రెండు యూనివర్సిటీలకు వైస్ ఛాన్సలర్‌గా కూడా చేశారు. పాట నచ్చకపోతే రాయను అనగలిగే ధైర్యం ఒకటో తారీఖు జీతం నుంచి కూడా వస్తుందని నేననుకుంటాను. వేణుమాధవ్ గారైనా అంతే. తాగి గోల చేసే పెళ్లిళ్లలో గ్యాప్ నింపాల్సిన అవసరం ఆయనకు లేదు. అందుకే మిమిక్రీని ఒక కళగా నిలబెట్టడానికి టైమ్ దొరికింది. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా కోర్సు ఉందంటే అది ఆయన పుణ్యమే. జీతం ఉంటే కళ బాగుంటుందంటే కొంతమంది ఒప్పుకోరు. కడుపు మాడితేనే కళ పదునెక్కుతుందంటారు. అలా అనేవాళ్లలో ఎక్కువమందికి కడుపు నిండే ఉంటుంది, నేను చూసినంతవరకు.

నేను 98 డీఎస్సీలో టీచర్ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ప్రోగ్రాములు చేశాను, కానీ నా రేటు నేనే చెప్పి, ముందే తీసుకుని. విచిత్రం ఏమిటంటే, ఉద్యోగం వచ్చాకే నా మిమిక్రీ బాగుపడింది. ఐదు వందల కోసం ఒకే ఐటెం వందసార్లు చేసే తిప్పలు తప్పాయి, కొత్తవి పట్టడానికి తీరిక దొరికింది. తర్వాత పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు, గొంతులో గరగర. మెల్లగా ఆగిపోయింది. మొన్న మా స్కూల్ వార్షికోత్సవంలో పిల్లలు అడిగితే ఆల్కో ఇంజను చేశాను. అంతా అయ్యాక ఆరో తరగతి పిల్లాడు ఒకడు లేచి, 'సార్, అది మిక్సీయా?' అని అడిగాడు. పాపం వాడి తప్పేముంది, వాడు పుట్టాక చూసినవన్నీ కరెంటు రైళ్లే.

మీ ప్రశ్నకు వస్తాను. వద్దనకండి. వద్దంటే చెప్పకుండా పోతాడు, ఈ వయసు అట్లాంటిది. కానీ డిగ్రీ ఆపనివ్వకండి. మిగిలింది ఏడాదిన్నర. హైదరాబాద్ ఏమీ విదేశం కాదు, కాజీపేటలో ఎక్కితే రెండు మూడు గంటల్లో సికింద్రాబాద్. శనివారం మధ్యాహ్నం వెళ్లి, రాత్రి ఓపెన్ మైక్‌లో (కొత్తవాళ్లు ఎవరైనా స్టేజీ ఎక్కి చేసే ప్రోగ్రాం) చేసి, ఆదివారం వచ్చేయొచ్చు. అట్లా ఆరు నెలలు చేయమనండి. ఎవరూ నవ్వని రాత్రులు కొన్ని చూడాలి. చూసిన తర్వాత కూడా వచ్చే శనివారానికి బ్యాగు సర్దుకుంటుంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఈ డిసెంబర్ 28న హన్మకొండలో ఎక్కడ మిమిక్రీ ప్రోగ్రాం జరిగినా వాణ్ణి వెళ్లమనండి. స్టేజీ మీద చేసేవాళ్లను తర్వాత పలకరించి ఒక్క ప్రశ్న అడగమనండి: 'అన్నా, పగలు ఏం చేస్తరు?' అని. ఒకరు ఎల్‌ఐసీ అంటారు, ఒకరు స్కూల్ అంటారు, ఒకరు ఫోటో స్టూడియో అంటారు.

శనివారం పంపేటప్పుడు మాత్రం టిఫిన్ డబ్బా కట్టివ్వండి. ఓపెన్ మైక్‌లో పైసలివ్వరు, కొన్నిచోట్ల మనమే ఎదురు కట్టాలి. శాలువా కూడా ఇవ్వరు.