బాబు పేరున ప్లాటు సరే, రేపు సంతకం ఎవరు పెడతారు?

ప్రశ్న: మా బాబుకు వచ్చే నెల 18 నిండుతాయి. మేధో వైకల్యం ఉంది, సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం అని ఇచ్చారు. నాకు 51 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, చేతికి 78 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 19 వేలు, బాబు థెరపీలకు 11 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు పోతాయి. బ్యాంకులో 90 వేలున్నాయి. 25 లక్షల టర్మ్ పాలసీ ఉంది, నామినీ బాబే. మా తర్వాత వాడికి ఆధారంగా ఉంటుందని 10 లక్షల పర్సనల్ లోన్‌తో వాడి పేరున ప్లాటు కొందామనుకుంటున్నాను. ఈఎంఐకి తక్కువ పడితే మా ఆవిడ బంగారం తాకట్టు పెడతాను. మీరేమంటారు?

జవాబు: వద్దంటాను. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి కాబట్టే కాస్త గట్టిగా రాస్తున్నాను. బిడ్డ భవిష్యత్తు అనగానే బిడ్డ పేరున ఆస్తి అనుకుంటారు. 18 నిండాక చట్టం దృష్టిలో మీ బాబు మేజర్. తండ్రిగా ఇన్నాళ్లూ ఆయన తరఫున మీరు పెట్టిన సంతకం ఆ రోజు నుంచి చెల్లదు. ఆస్తి ఉంచుకునే హక్కు, ఖాతా నడుపుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం నేరుగా బాబుకే ఇచ్చింది. అది మంచిదే. కానీ రేపు ఏ ఆపరేషన్‌కో డబ్బు అవసరమై ఆ ప్లాటు అమ్మాలంటే, అమ్మకం పత్రంలో ఏముందో బాబుకు తెలియకపోవచ్చు, మీకేమో అమ్మే అధికారం ఉండదు.

అందుకని ముందు గార్డియన్‌షిప్, అంటే బాబు తరఫున వ్యవహారాలు చూసే చట్టబద్ధ అధికారం, చూసుకోండి. మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం మీ బాబుకు వర్తిస్తుంది. దీనికి కోర్టుకు వెళ్లక్కర్లేదు, జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలోని లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేయాలి. కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకుని పుట్టినరోజు దాటగానే ఇచ్చేయండి. గార్డియన్ అయినంత మాత్రాన బాబు ఆస్తి మీదైపోదు. ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి.

ఇక అప్పు. 14 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ అనుకున్నా ఈఎంఐ 23 వేలు దాటుతుంది. మీకు మిగిలేది 13 వేలు. ఆ లోటుకు బంగారం తాకట్టా? ఒక అప్పు వాయిదా కోసం ఇంకో అప్పు! తాకట్టు డబ్బు కూడా అయిపోయాక ఏం పెడతారు?

మీ దగ్గరున్న 90 వేలు నెలన్నర ఖర్చుకు కూడా రావు. నాకు టెన్షన్ పెట్టింది ప్లాటు కన్నా ఇదే. మామూలుగా అందరికీ ఆరు నెలల ఖర్చు దాచుకోమంటాను. మీకది చాలదు. ఉద్యోగం పోయినా థెరపీలు ఆపలేరు, ఆపితే నేర్చుకున్నది వెనక్కి పోతుందని నాకన్నా మీకే బాగా తెలుసు. పైగా ఇద్దరిలో ఒకరు బాబు దగ్గరే ఉండాలి కాబట్టి రెండో జీతం తెచ్చుకోవడమూ అంత తేలిక కాదు. మీకు 12 నెలల ఖర్చు కావాలి, అంటే 7.8 లక్షలు. ఆ మిగిలే 13 వేలే నెలనెలా పక్కన పెడితే ఐదేళ్లకు సరిగ్గా అంతే అవుతుంది, వడ్డీ అదనం. లోన్ కట్టుకుంటూ కూర్చునే ఐదేళ్లూ ఇవే! ఈ డబ్బు బాబు పేరున వేయకండి. మీ ఇద్దరి జాయింట్ ఖాతాలో, ఎవరైనా ఒక్కరే తీసుకోగలిగేలా ఉంచండి. మీకేదైనా అయితే మర్నాడే మీ ఆవిడ చేతికి అందాలి.

టర్మ్ పాలసీలో నామినీగా ఈ వారమే మీ ఆవిడ పేరు పెట్టించండి. లేదంటే ఆ 25 లక్షలు బాబు ఖాతాలో చేరి, గార్డియన్ లేకపోతే తీసే దారి లేక అక్కడే ఉండిపోతాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో కూడా బాబును చేర్చండి. ఏడాదికి లక్ష వరకు వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, థెరపీలకూ కొంత ఇస్తారు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య పాలసీలో బాబు ఏ వయసు వరకు ఉంటాడో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే, వైకల్యమున్న బిడ్డను పోషిస్తున్నందుకు వచ్చే 75 వేల మినహాయింపు వదులుకోకండి. వీలునామా రాయండి, మీ తర్వాత బాబు కోసం ఆస్తిని చూసుకునే కుటుంబ ట్రస్టు సంగతి లాయరుతో మాట్లాడండి. పీఎఫ్ రికార్డుల్లో బాబు వైకల్యం వివరాలు నమోదయ్యాయో లేదో చూసుకోండి.

ప్లాటు మాట ఆ 7.8 లక్షలు పోగయ్యాక చూద్దాం, అదీ అప్పు లేకుండా, మీ ఇద్దరి పేరున. ఈలోగా మధ్యవర్తి ఎన్నిసార్లు ఫోన్ చేసినా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.