పాత డెస్క్‌టాప్‌ని హోమ్ సర్వర్ చేసేటప్పుడు ముందు చూడాల్సింది ప్రాసెసర్ కాదు

మీరు అడిగింది: ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు ఉన్న డెస్క్‌టాప్ మూలన పడి ఉంది, ఇంటిల్లిపాది ఫొటోలూ సినిమాలూ పెట్టుకోడానికి సర్వర్‌గా పనికొస్తుందా, ఆ ప్రాసెసర్ సరిపోతుందా అని. బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫైళ్లు పంచే పనికి ప్రాసెసర్ రోజులో చాలాభాగం ఖాళీగానే ఉంటుంది, ర్యామ్ కూడా చాలు. పాత మిషన్లు దెబ్బతీసేది వేరేచోట: డిస్కు, పవర్ సప్లై, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను లేవకపోవడం.

డిస్కుతో మొదలుపెట్టండి. ఇప్పుడు విండోస్ ఉంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. 5 (రీఅలొకేటెడ్ సెక్టార్లు, పాడై పక్కన పెట్టేసినవి), 197 (పెండింగ్ సెక్టార్లు, అనుమానంగా ఉన్నవి), 198 (అన్‌కరెక్టబుల్, చదవలేనివి) ఈ మూడు నంబర్ల వరసల్లో రా విలువలు సున్నా ఉండాలి. ఆ ప్రోగ్రామ్ రా విలువల్ని మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) చూపిస్తుంది, అక్కడ 10 కనిపిస్తే అది పదహారు. 197 సున్నా కాకపోతే ఆ డిస్కు మీద ఫొటోలు పెట్టొద్దు. 199 (డేటా పంపడంలో వచ్చిన తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం తప్పు చాలావరకు డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది, కేబుల్ మార్చి ఆ అంకె ఆగిందో లేదో చూడండి. అంకెలన్నీ బాగున్నా ఒకసారి ఎక్స్‌టెండెడ్ సెల్ఫ్ టెస్ట్ (డిస్కు తన్ను తాను మొత్తం పరీక్షించుకోవడం) నడపండి. 1 టీబీకి రెండు మూడు గంటలు పడుతుంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ని ఒక రాత్రంతా నడవనివ్వండి, ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్ తీసేయాలి. చెడ్డ ర్యామ్ ఫొటోల్ని చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది, బ్యాకప్‌లోకి కూడా ఆ పాడైనవే వెళ్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి 120 జీబీ ఎస్ఎస్‌డీ చాలు, డేటా హార్డ్ డిస్కు మీద. డిస్కుకి కరెంటిచ్చే సాటా పవర్ పిన్ను తక్కువైతే మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. వాటిలో వైర్లని ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం జోలికి పోకండి, లోపల షార్ట్ అయి కాలిపోతాయి. వైర్లు ఒక్కొక్కటిగా నొక్కి బిగించిన రకం తీసుకోండి. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పవర్ సప్లైని మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపల చార్జ్ ఉంటుంది. ఫ్యాన్ తిరగకపోయినా, కాలిన వాసన వచ్చినా మార్చేయడమే.

కరెంటు ఖర్చు తేలిగ్గా తీసుకోకండి. ఏడాదంతా ఆగకుండా లాగే ఒక్కో వాట్‌కి 8.76 యూనిట్లు. ఊరికే కూర్చున్న మిషన్ 40 వాట్లు లాగితే ఏడాదికి 350 యూనిట్లు. ఐ5లోనే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే పీకేయండి, డీవీడీ డ్రైవ్ కూడా. బయోస్‌లో (మిషన్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సీ-స్టేట్స్, అంటే పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోయే ఏర్పాటు, ఆన్‌లో ఉంచండి. ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెట్టి ముందూ తర్వాతా కొలిస్తే తేడా తెలుస్తుంది.

బయోస్ సంబంధించిన మిగతా పనులూ ఇప్పుడే ముగించండి. అన్నిటికంటే ముందు, మిషన్ ఆపి ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ కొత్తది వేయండి. పాతది అయిపోయుంటే కరెంటు పోయిన ప్రతిసారీ మీ సెట్టింగులన్నీ ఎగిరిపోతాయి. తర్వాత బయోస్‌లో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' (కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలి) అనేదాన్ని 'పవర్ ఆన్' చేయండి, 'లాస్ట్ స్టేట్' కాదు. యూపీఎస్ చెప్పగానే సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అయితే దాని చివరి స్థితి 'ఆఫ్', కరెంటు వచ్చాక అలాగే పడుకుంటుంది. కీబోర్డు లేకపోతే ఆగిపోయే సెట్టింగ్ కొన్ని బోర్డుల్లో ఉంటుంది, అదీ తీసేయండి. ఇప్పుడు మానిటర్, కీబోర్డు పీకి, మిషన్ షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, నిమిషం ఆగి వేయండి. ఏ బటనూ నొక్కకుండా లేస్తేనే అది సర్వర్.

ఆపరేటింగ్ సిస్టమ్‌గా డెబియన్ (ఉచిత లినక్స్) వేసేటప్పుడు డెస్క్‌టాప్ టిక్‌లన్నీ తీసేసి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (వేరే కంప్యూటర్ నుంచి దీన్ని నడపడానికి), స్టాండర్డ్ యుటిలిటీస్ మాత్రం ఉంచండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, దీని దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కుని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (దీన్నే మౌంట్ అంటారు) చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ (fstab) ఫైల్‌లో డేటా డిస్కుని యూయూఐడీతో, అంటే దాని సొంత గుర్తింపు నంబరుతో, 'నోఫెయిల్' (డిస్కు లేకపోయినా ఆగొద్దు) ఆప్షన్‌తో రాయాలి. లేకపోతే ఆ డిస్కు చచ్చిన రోజు మిషన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, మానిటర్ తగిలించేదాకా కారణం తెలీదు. కానీ నోఫెయిల్ పెడితే ఇంకో చిక్కు: డిస్కు మౌంట్ కాకపోయినా దాని ఫోల్డర్ ఖాళీగా ఎస్ఎస్‌డీ మీద ఉంటుంది, ఫోన్ల నుంచి వచ్చే ఫొటోలన్నీ అందులో పడి ఎస్ఎస్‌డీ నిండిపోతుంది. అందుకని డిస్కు మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి చ్యాటర్ (chattr) కమాండుతో ప్లస్ ఐ (+i, మార్చకూడదు) గుర్తు పెట్టండి. ఇక డిస్కు లేనప్పుడు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కూడా అందులో ఏమీ రాయలేడు. వెంటనే ఎర్రర్ వస్తుంది, మీకూ తెలుస్తుంది.

నెట్‌వర్క్‌కి వైఫై వద్దు, కేబుల్ వేయండి, రౌటర్‌లో ఆ మిషన్‌కి ఐపీ రిజర్వ్ చేయండి, అప్పుడు దాని అడ్రస్ మారదు. కాపీ వేగం సెకనుకి 110 ఎంబీ దరిదాపుల్లో ఉండాలి. 11 దగ్గర ఆగిందంటే లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది, రౌటర్ పోర్టు గిగాబిటే అయితే సాధారణంగా కేబుల్‌లో ఒక జత తెగి ఉంటుంది. ఫైళ్లని ఇంట్లో పంచుకోడానికి సాంబా అనే ప్రోగ్రామ్ వాడండి, దాని 445 పోర్టుని (నెట్‌వర్క్‌లో దాని తలుపు) మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటర్నెట్‌కి తెరవొద్దు. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటికి రహస్య దారి), రౌటర్‌లో ఒక్క యూడీపీ రకం పోర్టు తెరిస్తే చాలు. రౌటర్ వ్యాన్ అడ్రస్ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు ప్రొవైడర్ న్యాట్ వెనక, అంటే చాలా ఇళ్లకి ఒకే అడ్రస్ పంచే ఏర్పాటు వెనక, ఉన్నట్టు, పోర్టు తెరిచినా పనిచేయదు, పోర్టు తెరవకుండానే పనిచేసే వీపీఎన్ టెయిల్‌స్కేల్ పెట్టుకోండి.

సినిమాలకి జెల్లీఫిన్, ఇది సర్వర్‌లోని సినిమాల్ని టీవీకీ ఫోన్‌కీ పంపే ప్రోగ్రామ్. టీవీ ఆ ఫైల్‌ని నేరుగా ఆడగలిగితే సర్వర్‌కి దాదాపు పనే లేదు. ఆడలేకపోతే సర్వరే ఫైల్‌ని వేరే రకంలోకి మార్చాలి: మీ ఐ5లో క్విక్ సింక్ (వీడియో మార్చే భాగం) 8-బిట్ హెచ్ఈవీసీ రకం వీడియోని సునాయాసంగా మారుస్తుంది, 10-బిట్‌కి ఏడో తరం కావాలి.

చివరగా, రెండు డిస్కులు మిర్రర్ చేసి (ఒకదాంట్లో రాసిందే రెండో దాంట్లోనూ రాసేలా పెట్టి) అదే బ్యాకప్ అనుకోకండి. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే ఆ క్షణమే రెండో దాంట్లోనూ పోతుంది. ఒక యూఎస్‌బీ డిస్కు మీదికి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో వారానికోసారి బ్యాకప్ తీసి, వెంటనే డిస్కు పీకి వేరే గదిలో పెట్టండి. మొదటి బ్యాకప్ అవగానే అందులోంచి ఒక ఫోల్డర్‌ని వేరే కంప్యూటర్ మీదికి వెనక్కి తీసి ఫొటోలు తెరిచి చూడండి. రెస్టిక్ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి సర్వర్‌కి దూరంగా దాచండి, అది పోతే ఆ బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు.