పదవీ విరమణతో విచారణ ఆగిపోతుందా?

ప్రశ్న: మా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారు ప్రత్యేక రుసుముల నిధిని దుర్వినియోగం చేశారన్న ఆరోపణపై సస్పెండయ్యారు. అభియోగపత్రం కూడా అందింది. ఆయన త్వరలో రిటైరవుతున్నారు. అంతటితో విచారణ ముగిసినట్లేనా?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: ముగియదు. సర్వీసులో ఉండగా మొదలైన శాఖాపరమైన విచారణ, 1980 నాటి ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమావళిలోని 9వ నియమం ప్రకారం, విరమణ తరువాత కూడా కొనసాగుతుంది. తీవ్రమైన దుష్ప్రవర్తన రుజువైతే ప్రభుత్వం పింఛనును నిలిపివేయవచ్చు, జరిగిన నష్టాన్ని అందులోంచి రాబట్టవచ్చు.

అయితే సస్పెన్షన్ శిక్ష కాదు. దాన్నిబట్టి ఆయనను దోషిగా చూడడం అన్యాయం. ప్రభుత్వోద్యోగులపై క్రమశిక్షణ చర్యల తీరును నిర్దేశించే 1991 నాటి సి.సి.ఎ. (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాల్లోని 20వ నియమం అభియోగాలకు లిఖితపూర్వకంగా బదులిచ్చేందుకు, పత్రాలు పరిశీలించేందుకు, సాక్షులను ప్రశ్నించేందుకు ఆయనకు అవకాశం ఇస్తుంది. విచారణ నివేదిక ప్రతిని కూడా ఆయనకు ఇవ్వాలని సుప్రీంకోర్టు 1993లో బి.కరుణాకర్ కేసులో స్పష్టం చేసింది. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కేసులో మాదిరి సందేహాతీతమైన రుజువు అక్కరలేదు, కానీ ఆధారమే లేకుండా శిక్ష వేయడం కుదరదు. ఇలాంటి వ్యవహారాల్లో అసలు విషయాన్ని తేల్చేవి నగదు పుస్తకం, వోచర్లు, స్టాకు రిజిస్టరు, కొనుగోలు కమిటీ తీర్మానాలు. ఆ కమిటీలో మీరు సంతకం చేసి ఉంటే, ఆ పత్రాల నకళ్లు చూపమని విచారణాధికారిని ఇప్పుడే లిఖితపూర్వకంగా కోరండి. సాక్షిగా పిలిస్తే స్వయంగా చూసినది మాత్రమే చెప్పండి.