హారన్ మోగకపోతే స్టీరింగ్ ఎయిర్‌బ్యాగ్ మనమే విప్పుకోవచ్చా?

హారన్ మోగడం లేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు, ఇంటి దగ్గరే విప్పి చూడొచ్చా అని అడిగారు. విప్పొచ్చు. చేతికి అదేం పెద్ద పని కాదు. ఆగడమే అసలు పని. నా లెక్కలో ప్రమాదాలన్నీ తొందర వల్లే.

రెండూ ఒకేసారి పోయాయంటే స్టీరింగ్ వెనకుండే క్లాక్ స్ప్రింగ్ అనే వైరు చుట్ట తెగి ఉంటుంది. హారన్ వైరూ ఎయిర్‌బ్యాగ్ వైరూ ఆ చుట్టలోంచే వస్తాయి.

మా బావమరిది సెకండ్ హ్యాండ్ కారుకి సరిగ్గా ఇదే అయ్యింది. విజయనగరంలో గంటస్తంభం వైపు హారన్ లేకుండా బండి తీయాలంటే వాడికి టెన్షన్. రింగ్ రోడ్డులో నాకు తెలిసిన పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, కేబుల్‌కి గుడ్డ చుట్టి పక్కకి పెట్టాడు. "టీ తాగొద్దాం రండి బాబూ" అన్నాడు.

"బ్యాటరీ తీసేశాం కదా, ఇంకేటి?" అన్నాడు మావాడు.

"డబ్బాలో కరెంటు ఉంటాది బాబూ" అన్నాడాయన.

అది నిజం. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా బ్యాగు తెరుచుకోవాలని కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్లు పెడతారు. అవి ఖాళీ కావాలి. బండిని బట్టి మాన్యువల్‌లో కొన్ని నిమిషాల నుంచి 10 నిమిషాల దాకా రాసి ఉంటుంది. నేనైతే 15 ఆగమంటాను.

టీ తాగి వచ్చాక స్టీరింగ్ వెనక స్క్రూలు విప్పి, పసుపు కనెక్టర్ జాగ్రత్తగా ఊడదీశాడు. కవరు వైపు తన ఛాతీకి తగలకుండా బయటికి తిప్పి పట్టుకుని, బల్ల మీద కవరు పైకి ఉండేలా పెట్టాడు. బోర్లా పెడితే, ఖర్మ కాలి పేలినప్పుడు మొత్తం యూనిట్ పైకి ఎగురుతుంది. ఇంతలో షెడ్డు కుర్రాడు బ్యాగు బాగుందో లేదో చూద్దామని మీటర్ తెచ్చి పిన్నుల దగ్గర పెట్టబోయాడు. పెద్దాయన ఆ మణికట్టు పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. ఓమ్స్‌లో పెట్టిన మీటర్ పంపే కాస్త కరెంటుకి కూడా లోపలి మందు అంటుకోవచ్చు. బ్యాగు నిండేది సెకనులో ముప్ఫయ్యో వంతులో. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఎక్కడిది? ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టేవాళ్లు ఈ మీటర్ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

క్లాక్ స్ప్రింగ్ మార్చేటప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి, స్ప్రింగ్ మధ్యకి సెట్ చేసి ఉండాలి. లేకపోతే మొదటి పెద్ద మలుపులోనే మళ్లీ తెగుతుంది. అన్నీ బిగించాక బ్యాటరీ కలిపేటప్పుడు డ్రైవర్ సీట్లో ఎవరూ ఉండకూడదు.

ఇంకో మాట. 2019 జూలై నుంచి తయారైన కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కానీ పాత బండి కొనేటప్పుడు దాన్ని చూసేవాళ్లు ఎవరు? పేలిపోయిన బ్యాగు తీసేసి, లైటు ఆరిపోయేలా రెసిస్టర్ అతికించి, పైన కొత్త కవరు బిగించి అమ్మేవాళ్లున్నారు. తాళం తిప్పగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో చెయ్యి పెట్టి ఉండొచ్చు. మామూలుగా వెలిగి ఆరినా నమ్మకుండా, మీ మెకానిక్‌ని తీసుకెళ్లి కవరు విప్పించి లోపల చూడండి. ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.